చింపాంజీ మనిషికి ఎన్ని రెట్లు బలమైనది? ఆ లెక్క ఎవరు కట్టారు?

నల్లరేగడి (ప్రశ్న):

నేను కరీంనగర్ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ప్రతి నెలా పిల్లల చేత ఒక గోడపత్రిక పెట్టిస్తాం. ఈ నెల వానరాల మీద పెట్టిన గోడపత్రికలో, ఎప్పుడో చదివి మనసులో నిలిచిపోయిన మాటగా, “చింపాంజీ మనిషికంటే ఐదు రెట్లు బలమైనది” అని నేనే ఒక వాక్యం రాయించాను. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి దాని ముందు నిలబడి, “ఐదు రెట్లంటే ఏమిటి సార్? చింపాంజీ చేత బస్తా మోయించారా, తాడు లాగించారా? దానికి పోటీగా ఏ మనిషిని నిలబెట్టారు?” అని అడిగింది. నాకు సమాధానం తోచలేదు. ఇంటికి వచ్చి వెతికితే ఒకచోట రెండు రెట్లని, మరొకచోట ఐదని, ఇంకొకచోట ఎనిమిదని కనిపించింది గానీ, ఏ ఒక్కరూ దేనిని కొలిచి ఆ మాట అన్నారో రాయలేదు.

ఒక గొరిల్లాతో వంద మంది మనుషులు తలపడితే ఎవరు గెలుస్తారని 2025 వేసవిలో లోకమంతా వాదించుకున్నప్పటి నుంచి మా పిల్లలకు ఈ విషయం మీద ఆసక్తి పెరిగింది. అయితే వాళ్లకు తెలిసిన కోతి మా ఊళ్లో పెంకులు లేపి, మిరప తోటలు పాడుచేసే ఎర్రమూతి కోతి ఒక్కటే. తెలుగులో తోక ఉన్నదానినీ లేనిదానినీ కోతి అనే పిలుస్తాం కాబట్టి, ఈ చర్చ వరకు చింపాంజీ, బొనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ అనే తోకలేని జాతులను మాత్రమే వానరాలు అంటాను.

నాకు తెలియవలసినవి రెండు. చింపాంజీ బలాన్ని నిజంగా సాధనం పెట్టి కొలిచినవారు ఎవరు, వారికి ఎంత వచ్చింది? మనకంటే బలం ఎక్కువే అయితే, అది కండరం పరిమాణంలో ఉన్న తేడాయా, కండరం తయారీలోనే ఉన్న తేడాయా? తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే మరింత సంతోషిస్తాను.

తాటిమట్ట:

మాస్టారూ, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న నూరేళ్లుగా నలుగుతున్నదే. ఐదు, ఎనిమిది వంటి అంకెల మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, చాలాసార్లు అమెరికాకు చెందిన జాన్ బౌమన్ అనే కళాశాల అధ్యాపకుడి దగ్గర ఆగుతాం. ఆయన 1920లలో ఒక బలమాపకాన్ని, అంటే లాగిన బలం ఎంతో ముల్లుతో చూపే సాధనాన్ని, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకు తీసుకువెళ్లి, దానికి కట్టిన తాడును బోను ఊచల మధ్య నుంచి చింపాంజీలకు అందించి లాగించారు. బోమా అనే మగ చింపాంజీ ఒంటి చేత్తో 847 పౌండ్లు, అంటే సుమారు 384 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగింది. సూజెట్ అనే ఆడ చింపాంజీ రెండు చేతులతో 1,260 పౌండ్లు, అంటే 570 కిలోలకు పైగా చూపించింది. బౌమన్ అదే సాధనాన్ని తన కళాశాల విద్యార్థుల చేత కూడా లాగించారు. వాళ్లలో ఒక్కరు కూడా ఆ అంకెల దరిదాపులకు రాలేదు. 1923లోనూ 1926లోనూ ఆయన ఈ ఫలితాలను ప్రచురించడంతో పత్రికలకు చేతినిండా సరుకు దొరికినట్లయింది.

నేను ఈ అంకెలను అబద్ధమని అనను. కానీ వాటిని ఏ పరిస్థితిలో తీసుకున్నారో చూడకుండా రెట్లు కట్టడమే తప్పని నా అభిప్రాయం. చింపాంజీ తాడు పట్టుకుని, రెండు పాదాలూ ఊచలకు తన్నిపెట్టి, నడుము, కాళ్లు, చేతులు అన్నీ కలిపి ఒక్క ఊపున గుంజుతుంది. అలా గుంజినప్పుడు ముల్లు ఒక్క క్షణం ఎంత ఎగిరిందన్నది వేరు, ఆ బలాన్ని రెండు మూడు సెకన్లపాటు నిలిపి ఉంచగలదా అన్నది వేరు. మన ఊళ్లలో తాడు లాగే పోటీలు చూసినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు. పైగా రెండు మూడు జంతువుల అత్యుత్తమ అంకెలను తీసుకుని జాతి మొత్తానికి అంటగట్టడం ఎలాంటిదంటే, ఒక్క కర్ణం మల్లీశ్వరిని చూసి భారతీయ స్త్రీల సగటు బలం రాసుకోవడం లాంటిది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1943లో, గ్లెన్ ఫించ్ అనే పరిశోధకుడు ఫ్లోరిడాలోని యెర్కీస్ ప్రయోగశాలలో పెరిగిన చింపాంజీలతో ఇదే పనిని మరింత జాగ్రత్తగా చేశారు. ఆయనకు వచ్చిన ఫలితం బౌమన్ ఫలితానికి ఎక్కడా పొంతన లేనిది. ఆయన చింపాంజీలు లాగిన బలం పెద్దవారైన మగవాళ్లు లాగిన బలానికి దగ్గరలోనే ఉంది. చింపాంజీ శరీరం మనకంటే చిన్నది కాబట్టి, బరువుతో భాగించి చూస్తే దానిదే కొంత పైచేయి. ఈ ఫలితంలో అబ్బురం లేదు. అందుకే కావచ్చు, పత్రికలు బౌమన్‌నే పట్టుకుని వేలాడాయి. ఫించ్ పేరు పరిశోధకులకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత కూడా లాగడం, ఎగరడం వంటి పనుల్లో కొన్ని కొలతలు జరిగాయి. 2017లో మాథ్యూ ఓనీల్ బృందం అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురిస్తూ, అప్పటివరకు వచ్చిన కొలతలన్నిటినీ ఒకచోట చేర్చి, శరీర బరువుతో పోల్చి లెక్కిస్తే చింపాంజీ మనిషికంటే సగటున ఒకటిన్నర రెట్లు మెరుగ్గా చేస్తుందని తేల్చింది. మీ గోడపత్రికలో రాయదగిన అంకె ఇదే. అయితే “శరీర బరువుతో పోలిస్తే” అన్న మాటను తీసివేస్తే మళ్లీ మొదటికే వస్తాం. సుమారు 60 కిలోల చింపాంజీని 75 కిలోల మనిషి పక్కన నిలబెట్టి ఈ ఒకటిన్నరను అన్వయించి చూడండి. ఒకటిన్నరను 60తో గుణించి 75తో భాగిస్తే 1.2 వస్తుంది. అంటే మొత్తం బలంలో తేడా ఐదో వంతు మాత్రమే. ఫించ్ 1943లో చెప్పినదీ ఇంచుమించు ఇదే.

కీళ్లనొప్పి:

నేను ఫిజియోథెరపిస్టును. రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో సమాధానం చెబుతాను.

కండరాన్ని అడ్డంగా కోసి చూస్తే అందులో ప్రధానంగా రెండు రకాల పోగులు కనిపిస్తాయి. ఒకటి నెమ్మదిగా ముడుచుకునే పోగు. దీనికి ఒక్కసారిగా విడుదల చేసే శక్తి తక్కువ, కానీ అది త్వరగా అలసిపోదు. గంటల తరబడి నిలబడే, నడిచే పనులు దీనివి. రెండోది వేగంగా ముడుచుకునే పోగు. ఇది ఒక్క క్షణంలో ఎక్కువ శక్తిని ఇచ్చి, అంతే త్వరగా అలసిపోతుంది. తాటిమట్ట గారు చెప్పిన 2017 పరిశోధనలో తేలినదేమిటంటే, చింపాంజీ కండరాల్లో సగటున మూడింట రెండు వంతులు వేగపు పోగులు ఉన్నాయి. మనిషిలో నిష్పత్తి తలకిందులు. దాదాపు 70 శాతం నెమ్మది పోగులే.

ఇందులో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన విషయం మరొకటి ఉంది. ఆ పరిశోధకులు ఒక్కొక్క పోగును విడిగా తీసి, అది ఎంత బలంతో, ఎంత వేగంతో ముడుచుకుంటుందో కొలిచారు. చింపాంజీ వేగపు పోగును మనిషి వేగపు పోగు పక్కన పెట్టి చూస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంటే వాటి కండరం ఏదో ప్రత్యేకమైన పదార్థంతో తయారయినది కాదు. మన దగ్గర ఉన్న పోగులే వాటి దగ్గరా ఉన్నాయి, పాళ్లు మాత్రం వేరు. పోగుల పొడవు కూడా వాటికి ఎక్కువ. ఈ రెండింటినీ కలిపి కంప్యూటరు నమూనాలో లెక్కిస్తే, ఒకే పరిమాణంలో ఉన్న రెండు కండరాల్లో చింపాంజీది మనదానికంటే సుమారు 1.35 రెట్లు ఎక్కువ బలాన్నీ శక్తినీ ఇస్తుందని వచ్చింది. ఒకటిన్నరలో సింహభాగం దీనితోనే లెక్కకు అందుతుంది.

మిగిలిన భాగం కోసం శరీరం కట్టుబడిని చూడాలి. చెట్ల మీద చేతులతో బతికే జంతువుకు కండలో పెద్ద వాటా చేతులకూ భుజాలకూ పోతుంది. రెండు కాళ్ల మీద నడిచే మనకు అది పిరుదులకూ తొడలకూ పిక్కలకూ వచ్చింది. మన మడమ వెనుక చేత్తో పట్టుకుంటే తాడులా గట్టిగా తగిలే స్నాయుబంధనం, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, ఎంత పొడవు ఉంటుందో చూడండి. చింపాంజీకి ఆ చోట అది చాలా పొట్టి, కండరమే దాదాపు మడమ వరకు దిగి ఉంటుంది. పొడవైన స్నాయుబంధనం అడుగు వేసినప్పుడల్లా సాగి, తిరిగి ముడుచుకుంటూ శక్తిని ఆదా చేస్తుంది. పొడవైన కండరం ఎక్కువ దూరం ముడుచుకుని ఎక్కువ పని చేస్తుంది కానీ తిండి ఎక్కువ అడుగుతుంది. 2007లో చింపాంజీలను, మనుషులను నడక యంత్రం మీద నడిపించి, వాళ్లు పీల్చిన ప్రాణవాయువును కొలిచినప్పుడు, మన నడకకు అయ్యే ఖర్చు చింపాంజీ నడకకు అయ్యే ఖర్చుకంటే దాదాపు 75 శాతం తక్కువని తేలింది. చింపాంజీ రెండు కాళ్ల మీద నడిచినా, నాలుగు కాళ్ల మీద నడిచినా అంతే.

కాబట్టి మీ విద్యార్థినికి ఇలా చెప్పవచ్చు. మిల్లులో 75 కిలోల ధాన్యం బస్తాను వీపున వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లారీకి ఎక్కించే హమాలీ పని చింపాంజీ చేయలేదు. నాలుగు బస్తాలు ఎత్తేసరికే దాని వేగపు పోగులు అలసిపోతాయి. కానీ ఆ హమాలీని ఒక్క చేత్తో కొమ్మ పట్టుకుని పైకి లేవమంటే కిందే ఉండిపోతాడు.

ఇనుప పలక:

నమస్కారం. విజయనగరం వైపు చాలా ఏళ్లుగా పిల్లలకు బరువులెత్తడం నేర్పుతున్నవాడిని. పై ఇద్దరూ చెప్పినదానితో నాకు పెద్ద విభేదం లేదు, ఒక్క విషయంలో తప్ప. “శరీర బరువుతో పోలిస్తే” అన్న కొలత న్యాయమైనదని మీరంతా అనుకుంటున్నారు. మా ఆటలో ఉన్నవారు ఎవరూ అలా అనుకోరు.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో నయీం సులేమానోగ్లు క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే బరువును ముందు భుజాల మీదికి తెచ్చి తర్వాత తలపైకి లేపే పద్ధతిలో, 190 కిలోలు ఎత్తాడు. తన బరువుకు మూడు రెట్లు దాటింది. 2021లో లాషా తలఖాద్జే అదే పద్ధతిలో 267 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. అతని బరువు 170 కిలోలకు పైమాటే కాబట్టి రెట్లలో చూస్తే ఒకటిన్నర మాత్రమే. అయితే తలఖాద్జే సులేమానోగ్లులో సగం బలం ఉన్నవాడా? కాదు. కండ బలం దాని మందాన్ని బట్టి, అంటే అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. శరీర బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ బరువు ముందుకు పోతుంది, బలం వెనుకబడుతుంది. అందుకే బరువులెత్తే పోటీల్లో విభాగాలు పెట్టారు. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుందన్న మాట వెనుక ఉన్న కిటుకు కూడా ఇదే. 2000 సంవత్సరంలో సిడ్నీలో మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో రెండు పద్ధతుల్లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చినప్పుడు మా వ్యాయామశాలలో పిల్లలు వేసుకున్న మొదటి లెక్క కూడా, “అమ్మ తన బరువుకు ఎన్ని రెట్లు ఎత్తింది?” అన్నదే. అప్పుడు వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

దీనిని బట్టి చింపాంజీ ఒకటిన్నర రెట్లలో కొంత భాగం కేవలం అది మనకంటే చిన్నది కావడం వల్ల వచ్చింది. కొంత మాత్రమే, మొత్తం కాదు. 2006లో బొనోబోల చేత ఎగిరించి చూసిన ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సుమారు 34 కిలోల బొనోబో నిలుచున్న చోటి నుంచి 70 సెంటీమీటర్లకు పైగా పైకి లేచింది. దానికి రెట్టింపు బరువున్న మనిషి అలా ఎగిరితే 30 నుంచి 40 సెంటీమీటర్లు లేస్తాడు. ఇంత తేడాను శరీర పరిమాణంతో మాత్రమే సరిపెట్టలేం. కీళ్లనొప్పి గారు చెప్పిన వేగపు పోగుల ప్రభావం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

బౌమన్ లెక్క గురించి కూడా ఒక మాట. పాదాలు తన్నిపెట్టి రెండు చేతులతో గుంజడం అంటే అది చేతుల బలం కాదు, మేము డెడ్‌లిఫ్ట్ అనే భంగిమకు దగ్గర. ఆ భంగిమలో 2020లో ఐస్‌లాండ్ వీరుడు హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ 501 కిలోలు నేల మీద నుంచి లేపాడు. అతని పక్కన శిక్షణ లేని కళాశాల విద్యార్థిని నిలబెట్టినా “ఎన్నో రెట్లు” అనే రాసుకోవాలి. ఇద్దరూ మనుషులే కదా.

చివరగా, బలమంటే లాగడం, ఎగరడం మాత్రమేనా? విసరడం మాటేమిటి? 2013లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, పెద్ద చింపాంజీ ఒక వస్తువును విసిరితే గంటకు 30 కిలోమీటర్ల వేగం మాత్రమే వస్తుంది. బేస్‌బాల్ ఆటగాడు 150 కిలోమీటర్లు దాటిస్తాడు. మా వీధిలో పదేళ్ల పిల్లలు మామిడికాయకు రాయి విసిరే వేగం కూడా చింపాంజీ అందుకోలేనిదే. మన భుజం వెనక్కి తిరిగినప్పుడు అక్కడి స్నాయువులు విల్లునారిలా సాగి శక్తిని దాచుకుని, ఒక్కసారిగా వదులుతాయి. వానరం భుజం పైకి చూసి వేలాడడానికి తయారైంది కాబట్టి దానికి ఆ వెసులుబాటు లేదు.

నల్లరేగడి:

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా వస్తుందని ఊహించలేదు. పిల్లలకు గొరిల్లా గురించి చెప్పకపోతే ఊరుకోరు. అది మనిషికి పది రెట్లని, 815 కిలోలు ఎత్తుతుందని కనిపిస్తోంది. అది ఎంతవరకు నిజం? ఇంకొక సందేహం. మానవ పరిణామంలో ఏదో ఒక జన్యువు చెడిపోవడం వల్ల మన కండరాలు బలహీనపడ్డాయని ఒక వీడియోలో విన్నాను. అది కూడా ఈ పోగుల లెక్కలోకే వస్తుందా?

దూరపు చుట్టం:

815 కిలోల అంకెను నేను కూడా చాలాచోట్ల చూశాను. విశేషమేమిటంటే, దానిని రాసేవారెవరూ ఏ జూలో, ఏ సంవత్సరంలో, ఏ సాధనంతో కొలిచారన్నది రాయరు. ఆలోచించండి, 160 కిలోల వెండివీపు మగ గొరిల్లా చేత బరువు ఎత్తించేది ఎవరు? అది మనం చెప్పిన పని ఎందుకు చేస్తుంది? చింపాంజీకి అరటిపండు ఆశ చూపి తాడు లాగించడానికే పరిశోధకులు నానా తంటాలు పడ్డారు.

నా సొంత లెక్క ఒకటి చెబుతాను, దీనిని కొలతగా భావించవద్దు. గొరిల్లా కండరం కూడా చింపాంజీ కండరం లాంటిదే అనుకుని, ఇనుప పలక గారు చెప్పినట్లు బరువుతో పాటు బలం నేరుగా పెరగదన్న నియమాన్ని పాటించి, 160 కిలోల గొరిల్లాను 75 కిలోల మనిషితో పోలిస్తే, పరిమాణం వల్ల సుమారు 1.65 రెట్లు, దానిని ఒకటిన్నరతో గుణిస్తే సుమారు రెండున్నర రెట్లు వస్తుంది. దాని చేతులూ ఛాతీ మనకంటే చాలా బరువైనవి కాబట్టి లాగే పనిలో ఇంకొంత కలుపుకోవచ్చు. మూడు, నాలుగు అనండి. పదికి చేరడం కష్టం. వంద మంది పందెంలో నా పైసలు మనుషుల మీదే పెడతాను, మొదటి పది మందిలో నేను లేకపోతే.

మీ పిల్లలకు మన దేశపు వానరాన్ని కూడా పరిచయం చేయండి. అస్సాంలోనూ చుట్టుపక్కల ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ హూలాక్ గిబ్బన్ అనే చిన్న వానరం ఉంది. భారతదేశంలో ప్రకృతిసిద్ధంగా బతికే తోకలేని వానరం అదొక్కటే. ఆరు ఏడు కిలోల ఆ జంతువు నేల ముట్టకుండా చేతుల మీదే కొమ్మ నుంచి కొమ్మకు ఊగుతూ సాగిపోతుంది. దాని బలాన్ని తాడుతో కొలిస్తే ముల్లు పెద్దగా కదలదు. అయినా అది చేసే పనిని ఏ జిమ్నాస్టు కూడా ఒక పూటంతా చేయలేడు.

ఒక హెచ్చరిక కూడా రాయించండి. ఒకటిన్నర రెట్లే కదా అని చింపాంజీని తేలికగా తీసుకోకూడదు. 2009లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఇంట్లో పెంచిన చింపాంజీ ఒకటి యజమానురాలి స్నేహితురాలి మీద పడి ముఖాన్నీ చేతులనూ ఛిద్రం చేసింది. అలాంటప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది కండబలం ఒక్కటే కాదు. కోరలు, నాలుగు పాదాలతోనూ పట్టుకోగలగడం, ఏమాత్రం వెనకాడని తెగింపు కలిసి వస్తాయి.

కీళ్లనొప్పి:

మాస్టారూ, మీరు విన్నది 2004లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి అయి ఉంటుంది. మయోసిన్ అనే కండర ప్రోటీనును తయారుచేసే జన్యువుల్లో ఒకటి మనుషుల్లో పనిచేయడం మానేసింది, ఇతర వానరాల్లో పనిచేస్తోంది. అయితే ఆ జన్యువు ప్రధానంగా దవడ కండరాలకు సంబంధించినది. మన కొరుకుడు బలం తగ్గడానికీ దానికీ సంబంధం ఉండవచ్చు. చేతుల బలానికి దానిని ముడిపెట్టడం వీడియో చేసినవారి ఉత్సాహం. అది ఎప్పుడు చెడిపోయిందన్న దాని మీద కూడా శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. మొదట సుమారు 24 లక్షల సంవత్సరాల కిందట అన్నారు, తర్వాతి లెక్కలు దానిని 50 లక్షలకు పైగా వెనక్కి జరిపాయి.

నల్లరేగడి:

పాత వాక్యం మీద తెల్ల కాగితం అంటించి, “తన శరీర బరువుతో పోలిస్తే, లాగడంలోనూ ఎగరడంలోనూ చింపాంజీ మనిషికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బలమైనది; నడవడంలోనూ విసరడంలోనూ మనిషిదే పైచేయి” అని రాయించాను. కింద 1926, 1943, 2017 అని మూడు సంవత్సరాలు వేసి, ఎవరికి ఎంత వచ్చిందో పట్టిక గీయించాను. గొరిల్లా అంకె తీసివేశాను. పిల్లలు కాస్త నిరుత్సాహపడ్డారు.

ఆ అమ్మాయి మాత్రం పట్టిక అంతా చదివి, “మనిషిని కూడా చిన్నప్పటి నుంచి రోజూ చెట్లెక్కిస్తే ఆ తేడా పోతుందా సార్?” అని అడిగింది. మళ్లీ మీ దగ్గరికే వచ్చాను.

ఇనుప పలక:

కొంత తగ్గుతుంది, పోదు. సాధనతో పోగులు లావెక్కుతాయి, ఒకేసారి ఎక్కువ పోగులను పనిలోకి దించడం నరాలకు అలవాటవుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో మొదటి ఆరు నెలల్లో కనిపించే ఎదుగుదలలో ఎక్కువ భాగం ఆ అలవాటే. కానీ నెమ్మది పోగును వేగపు పోగుగా మార్చడం సాధనకు పెద్దగా లొంగదు. పుట్టుకతో వచ్చిన పాళ్లు చాలావరకు అలాగే ఉంటాయి.

దీనికి ఒక కొలత కూడా ఉంది. 2014లో ఒక పరిశోధక బృందం చింపాంజీలకూ, మీ ఊరి ఎర్రమూతి కోతి జాతికీ, మనుషులకూ ఒకే తరహా లాగుడు పరీక్ష పెట్టింది. మనుషుల జట్టులో విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లతో పాటు కొండలెక్కడమే వృత్తిగా ఉన్నవారు కూడా ఉన్నారు. శరీర బరువుతో పోల్చినప్పుడు చింపాంజీలూ కోతులూ సగటున రెండు రెట్లకు పైగా లాగాయి. కోతి చిన్నది కాబట్టి దాని అంకె విషయంలో నేను పైన చెప్పిన పరిమాణపు మినహాయింపు ఇవ్వాల్సిందే. మీ పట్టికలో ఒకటిన్నర పక్కన ఈ రెండును కూడా రాయించి, ఎందుకు కలవడం లేదో ఆ అమ్మాయినే ఆలోచించమనండి.